కుటుంబ ఛాయాచిత్రములందు వేషము, తెర : జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత చరిత్రకు వాని సాక్ష్యము

చరిత్రరచనకు శాసనములు, నాణెములు, కైఫీయతులు, కావ్యావతారికలు ఆధారములని విద్యార్థుల కెల్లరకును తెలిసినదే. ఇవి రాజులను గూర్చి, దాతలను గూర్చి, కవులను గూర్చి చెప్పును. మగ్గపుగుంటలో కాళ్లు పెట్టుకొని నేసినవానిని గూర్చిగాని, చాట ముందుంచుకొని బీడీలు చుట్టిన యిల్లాలిని గూర్చిగాని చెప్పుట అరుదు. జగిత్యాల కోటను 1747లో జఫరుద్దౌలా కట్టించెనని చెప్పుటకు మనకు వీలున్నది. ఆ కోటకు కూతవేటు దూరమున ఎనుబదియేండ్ల క్రిందట కాపురమున్న యొక సామాన్య కుటుంబము ఏమి ధరించెను, ఏమి కోరుకొనెను, ఎవరిని ఎదుట నిలుపుకొనెను అని యడిగినచో చెప్పుటకు ఆధారములు మిక్కిలి తక్కువ. అట్టి కొద్ది ఆధారములలో నొకటి ఇండ్లగోడలమీదనే యున్నది. అది కుటుంబమంతయు స్టూడియోకు పోయి తీయించుకొన్న ఛాయాచిత్రము.

మన విశ్వవిద్యాలయములందు దీనిని ఆధారముగా గ్రహించినవారు కొలదిమంది. అందులకు చెప్పబడు కారణ మొక్కటే. స్టూడియోలో తీసిన చిత్రము కృత్రిమమనియు, అందలి కోటు ఎరువుదనియు, వెనుకనున్న ఉద్యానము గుడ్డపై వ్రాసినదనియు, కావున అది ఆ కుటుంబపు నిజస్థితిని తెలుపదనియు ఆక్షేపింతురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని ఆ యెరువుకోటును, ఆ వ్రాతతోటను తీసివేసి మిగిలినదానిని మాత్రమే సాక్ష్యముగా గ్రహించుట పొరపాటని మా యభిప్రాయము. చిత్రమునకై కుటుంబము చేసికొన్న సిద్ధపాటే అందలి ముఖ్యసాక్ష్యము. దానిని చదువుటకు వేషము, తెర అను రెంటి చరిత్రము తెలిసియుండవలెను. ఈ వ్యాసమున ఆ చరిత్రమును సంగ్రహముగా చెప్పి, పరిశోధకులు అనుసరింపదగిన కొన్ని సూత్రములను ప్రతిపాదించుచున్నాము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములు చిరకాలము కరీంనగరము జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినపుడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలో చేరినవి. మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఈ మూటిని మేము ఎన్నుకొనుటకు హేతువు కలదు. సిరిసిల్ల వస్త్రము నేయు పట్టణము. కోరుట్ల, జగిత్యాల ప్రాంతములు బీడీల పనికిని, గల్ఫు దేశముల వలసకును పేరుపడినవి. వస్త్రము, వలస అను రెండును కుటుంబచిత్రముతో గాఢముగా ముడిపడినవి.

తెర పుట్టుక

దగెర్ కనుగొన్న ఛాయాచిత్ర విధానమును 1839 ఆగస్టు 19న పారిసు నగరమున లోకమునకు వెల్లడించిరి. రెండేండ్లు తిరుగకమున్నే, 1841లో, లండనులో స్టూడియో నడుపుచుండిన ఆంట్వాన్ క్లోదే చిత్రించిన వెనుకతెరలకు పేటెంటు పొందెను. దీనినిబట్టి తెర ఛాయాచిత్రమునకు ఎంతో కాలము తరువాత తగిలించిన అలంకారము కాదనియు, ఇంచుమించు దానితోపాటు పుట్టినదనియు తెలియుచున్నది. 1854లో పారిసున డిజ్డేరి చిన్న కార్డుచిత్రములకు పేటెంటు పొందిన పిదప చిత్రముల వెల తగ్గి, మధ్యతరగతి కుటుంబములును స్టూడియోలకు రాసాగినవి. అంతకుముందు ప్రభువుల తైలవర్ణచిత్రములలో గానవచ్చుచుండిన స్తంభములు, పాలరాతిమెట్లు, కుచ్చుల తెరలు, దూరపు సరస్సులు అప్పుడు వర్తకుని వెనుకకును, గుమాస్తా వెనుకకును వచ్చి నిలిచినవి. స్టూడియోతో పాటు ఈ తెరలు భారతదేశమునకును వచ్చినవి. తెలుగునాట చిన్న పట్టణములందలి స్టూడియోలలో ఇరువదవ శతాబ్దమున గానవచ్చిన మెట్ల వరుసలు, కొలను గట్టులు ఈ పరంపరలోనివే.

తెరను సిద్ధపఱచు విధానము తెలిసిననే దానిని చదువుట సాధ్యమగును. ముతక నూలుగుడ్డను చట్రమునకు బిగించి, సుద్దలో జిగురు కలిపి పూసి, ఆఱిన పిదప నీటిరంగులతో చిత్రింతురు. నూనెరంగు మెఱయును, ఆ మెఱపు చిత్రములో తెల్లని మచ్చగా పడును. కావున మెఱపులేని పూతయే యుపయోగింతురు. చిత్రము నలుపు తెలుపులలో వచ్చునది గనుక వన్నెలతో పని లేదు. దీపపుమసిని తెలుపులో తగుపాళ్లలో కలిపి, బూడిదవన్నె ఛాయలలోనే చెట్టును, ఆకాశమును, స్తంభమును వ్రాసిన చాలును. స్టూడియోలోనికి వెలుతురు ఏ దిక్కునుండి వచ్చునో ఆ దిక్కునుండియే వచ్చినట్లు తెరలోని నీడలను వ్రాయవలెను. తెరలోని స్తంభమునకు ఎడమను, ముందు కూర్చున్నవారి ముఖములకు కుడిని నీడ కనబడినచో ఆ తెర ఆ స్టూడియోకై వ్రాసినది కాదనియు, వేఱొకచోటినుండి కొనితెచ్చినదనియు ఊహింపవచ్చును.

చిత్రించిన గుడ్డ యెదుట నిలిచి కథ చెప్పుట మన ప్రాంతమువారికి క్రొత్త గాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంకనీరు కలిపి పూతపూసి, దానిపై కులపురాణములను చిత్రించిరి. అట్టి పటమును వ్రేలాడదీసి కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయపురాణమును వినిపించిరి. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు స్థాపించిన నాటకసమాజము చిత్రించిన తెరలతో ఊరూర ప్రదర్శనము లిచ్చెను. నకాషీలో, నాటకపు తెరలు వ్రాసినవారో స్టూడియోతెరలను గూడ వ్రాసిరని మేము చెప్పుట లేదు. పటకథ వినిన కన్నులకును, నాటకము చూచిన కన్నులకును స్టూడియోలోని తెర అబద్ధముగా తోచదనియే చెప్పుచున్నాము. అది కథకు రంగస్థలము. ఎదుట కూర్చున్న కుటుంబమే అచటి పాత్రధారులు.

హైదరాబాదు రాజ్యమున కుటుంబచిత్రము

మన మూడు పట్టణములును 1948 వఱకు నిజాము రాజ్యములోనివి. ఆ రాజ్యమున చిత్రపటము తీయించుకొను మర్యాదకు రూపమిచ్చిన వారిలో రాజా దీనదయాళు అగ్రగణ్యుడు. ఇతడు 1844లో మీరటు సమీపమున సర్దానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇందూరులో ఉద్యోగము చేయుచు ఛాయాచిత్రకళలో పేరుగాంచెను. 1886 ప్రాంతమున సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. 1894లో నిజాము ఇతనికి ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అను బిరుద మిచ్చెను. 1905లో ఇతడు మరణించెను. ఇతని స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది.

మన విషయమునకు ముఖ్యమైనది 1892లో దీనదయాళు హైదరాబాదులో తెఱచిన జనానా స్టూడియో. గోషాలోనున్న స్త్రీలకై ప్రత్యేకించి యేర్పడిన ఆ స్టూడియోను కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత నిర్వహించెను. పురుషుడు లోనికి వచ్చుటకు వీలులేని స్టూడియో వెలసినదనగా, గోషా స్త్రీలును చిత్రము తీయించుకొనగోరిరని స్పష్టము. ‘ఎవరు చూడవచ్చును’ అను ప్రశ్న కుటుంబచిత్రముతో ఆరంభమునుండియు నున్నది. ఈనాటికిని పెద్దలు కుటుంబచిత్రమును పరిశోధకునికి చూపుటకు సంకోచించినచో దానిని తిరస్కారముగా భావింపరాదు. ఆ సంకోచమునకు ఇంత పూర్వచరిత్ర కలదు.

ప్రభువుల యిండ్లలో మొదలైన యీ మర్యాద జమీందారులకును, వకీళ్లకును, ఉద్యోగులకును, వర్తకులకును ప్రాకి, అచటినుండి చిన్న పట్టణములకు వచ్చెను. ఆ రాక మెల్లగా జరిగెను. గాజుపలకలు, రసాయనములు దూరమునుండి రావలసినవి. జగిత్యాల, కోరుట్లలకు రైలుమార్గము ఇరువదియొకటవ శతాబ్దమున గాని రాలేదు. వస్తువు దొరకుట కష్టమైన కాలమున ఒక్కొక్క పలకయు విలువగలది. ఒక కుటుంబము ఒకేసారి, ఒకే చిత్రమునకు కూర్చుండుట, దానికై దినములతరబడి సిద్ధపడుట ఈ కొఱతవలన కూడ కలిగిన యలవాటని గ్రహింపవలెను.

వర్ణము, వస్త్రము

ఏ వస్త్రము ధరింపవలెనను నిర్ణయము కుటుంబపు కోరికనుబట్టియే కాక పలక స్వభావమునుబట్టియు జరుగుచుండెను. 1851లో ఆర్చరు కనుగొన్న తడిపలకయు, 1871లో మాడాక్సు కనుగొన్న జిలాటిను పొడిపలకయు ప్రధానముగా నీలివెలుతురునకే స్పందించును. నీలము వానిలో తెల్లగా పడును. ఎఱుపు, పసుపు నల్లబడును. తరువాత వచ్చిన పలకలు పచ్చని వెలుతురునకును స్పందించినవి గాని ఎఱుపును గ్రహింపలేదు. అన్ని వర్ణములకు స్పందించు పలకలను ఇంగ్లండులోని రాటెన్ సంస్థ 1906లో అమ్మకమునకు తెచ్చెను. అవి చిన్న స్టూడియోలకు చేరుటకు మఱికొన్ని దశాబ్దములు పట్టినది.

దీని ఫలితము మన చిత్రములకు మిక్కిలి ముఖ్యము. పెండ్లికూతురు ఎఱ్ఱచీర కట్టిన, పాతచిత్రములో అది నల్లచీరవలె కనబడును. నుదుటి కుంకుమ నల్లచుక్కయగును. పసుపు రాసిన ముఖము ఉన్నదానికంటె చామనచాయగా తోచును. లేతనీలపు అంగీ తెల్లని అంగీగా మాఱును. పాతచిత్రమును చూచి ‘నల్లచీర కట్టుట ఆ కాలపు ఆచారము’ అని వ్రాసినవాడు తప్పు వ్రాసినవాడగును. ‘వధువు చామనచాయది’ అని వ్రాసినవాడును అంతే.

తెల్లని వస్త్రములతో మఱియొక చిక్కు. చలువచేసి నీలిమందు పెట్టిన ధోవతి, అంగీ పలకపై వెల్లవేసిన గోడవలె పడి మడతలు కనబడవు. వానికి తగినట్లు వెలుతురు తగ్గించినచో ముఖము చీకటియగును. అందువలననే పందొమ్మిదవ శతాబ్దపు ఛాయాచిత్రకారుల కరదీపికలు శుద్ధశ్వేతమును, లేతనీలమును వర్జింపుమని బోధించినవి. ధోవతి, అంగీ, రుమాలు కట్టు తెలంగాణ పురుషునిది ఆపాదమస్తకము తెల్లని వేషము. అట్టివానిపై నల్లకోటు వేసినచో ముఖము స్పష్టముగా తేలును. స్టూడియోలలో కోటు నిలువయుండుటకు గౌరవేచ్ఛతో పాటు ఈ సాంకేతిక కారణము కూడ నుండునని మేము ఊహించుచున్నాము. ధోవతిమీద కోటు వేసిన వృద్ధుని చిత్రమును చూచి ‘పాశ్చాత్యవ్యామోహ’మని తేల్చివేయుట తగదు.

ఎరువు వేషము

‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అని మన సామెత. ఆ బరువు తెలిసియే కుటుంబములు చిత్రమునకై ఎరువు తెచ్చుకొనినవి. తెలుగునాట స్టూడియోలలో అద్దము, దువ్వెన, పౌడరు డబ్బా, ఒక కోటు, టై, కాగితపు లేక ప్లాస్టిక్ పూలకుండి ఉండుట సామాన్యము. కోటు సన్ననివానికి వదులైనచో వెనుకవైపు గుండుసూదులతో బిగింతురు. లావైనవానికి చాలనిచో బొత్తాములు పెట్టక విడుతురు. చిత్రములో ముందుభాగమే కనబడును గనుక అది చాలును. ఇంటినుండి వచ్చునవి వేఱు: పెట్టె అడుగున దాచిన పెండ్లిచీర, వదినె మెడలోని గొలుసు, బావమఱది చేతిగడియారము, పెరుగుదురను తలపుతో కొలత మించి కుట్టించిన పిల్లల లాగులు, గౌనులు.

కూర్చుండబెట్టుటయు సిద్ధపాటులోని భాగమే. పెద్దలు కుర్చీలలో కూర్చుందురు, కోడండ్రు, కొడుకులు వెనుక నిలుతురు, పిల్లలు నేలమీద. గొలుసు కనబడునట్లు కొంగు సర్దుదురు. గడియారము కనబడునట్లు ముంజేయి ముందుంచుదురు. జేబులో కలము నిలుపుదురు. బల్లపై పుస్తకమో రేడియోయో ఉంచుదురు. బిడ్డ బుగ్గన దిష్టిచుక్క దిద్దుదురు. కుర్చీ వెన్నుపై చేయివేసి నిలుచు భంగిమకు మూలము మఱియొకటి. తొలికాలమున పలకకు వెలుతురు సోకవలసిన వ్యవధి యెక్కువ గనుక కదలక నిలుచుటకు ఊత కావలసెను. వ్యవధి క్షణములోని భాగమునకు తగ్గిన పిదపను ఆ భంగిమ మర్యాదగా నిలిచిపోయినది.

చిత్రము తీసిన తరువాత కూడ వేషము పూర్తి కాదు. కాగితముపై రంగులద్దు నేర్పరులు చీరకు జరీయంచు గీయుదురు. మెడలో లేని హారమును చేర్చుదురు. కావున చిత్రములోని బంగారమంతయు ఆ యింటిదని లెక్కింపరాదు. కాని ఆ హారమును చేర్పించిన కోరిక ఆ యింటిదే. మధ్యప్రదేశమున నాగదా పట్టణపు స్టూడియోలను పరిశీలించి 1997లో గ్రంథము వెలువరించిన క్రిస్టఫర్ పిన్నీ, అచటివారు చిత్రములో తామున్నరీతిని కాక, తాము కాదగిన రీతిని చూపగోరుదురని నిరూపించెను. ఆ సిద్ధాంతము మన ప్రాంతమునకు ఒకమేరకు వర్తించును. ఐనను, మన పట్టణములలో చిత్రము తీయించుకొనువాడు ఒంటివాడు కాడు, కుటుంబము. అందువలన ‘ఎవరి కోరిక?’ అను ప్రశ్న మిగులును. చీరను ఎన్నుకొన్నది కట్టుకొన్నామెయా, అత్తయా? కోటు ఎవరికి దొరికెను, ఎవరు ధోవతితోనే నిలిచిరి? ఈ ప్రశ్నలు చిత్రమును చూచినంతమాత్రమున తీఱవు, ఇంటివారినడిగి తెలిసికొనవలసినవి.

సిరిసిల్ల చిత్రములలో ఇంకొక విశేషమును గమనింపవలెను. ఆ పట్టణపు మరమగ్గములపై అధికముగా నేయబడునది లంగాగుడ్డ, పాలియెస్టరు గుడ్డ. పండుగకు కట్టుచీర కాదు. అనగా నేతవాని యిల్లాలు చిత్రమునకు కట్టిన చీర తఱచుగా వేఱొక ఊరి నేత. 2017లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మచీరల పంపిణీని ఆరంభించి, తరువాతి యేండ్లలో ఆ నేతను ప్రధానముగా సిరిసిల్లకు అప్పగించిన పిమ్మట, ఆ పట్టణమున నేసిన చీరలు రాష్ట్రమంతటి స్త్రీల బతుకమ్మ చిత్రములలోనికి వచ్చినవి. వస్త్రచరిత్ర వ్రాయువారికి ఈ మార్పు ఉపేక్షింపదగినది కాదు.

రెండు తెరలు

ఈ ప్రాంతమున కుటుంబచిత్రమునకు ప్రాధాన్యము హెచ్చుటకు వలస ముఖ్యకారణము. సిరిసిల్ల ప్రాంతపు నేతవారు బొంబాయికి, షోలాపురమునకు, భీవండికి పోయిరి. 1973 తరువాత చమురుధరలు పెరిగి గల్ఫు దేశములలో నిర్మాణపు పనులు విస్తరింపగా, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి దుబాయికి, మస్కటుకు, సౌదీకి పురుషులు వేలుగా పోయిరి. ఇంటనున్నవారికి పోయినవాని ముఖమును, పోయినవానికి పెరుగుచున్న పిల్లల ముఖములను చూపగలిగినది ఛాయాచిత్రమే. ఉత్తరముతో పోవు ఆ చిత్రమునకై బిడ్డలకు క్రొత్తబట్టలు తొడిగి స్టూడియోకు తీసికొనిపోవుటలో ‘ఇచట కుశలము, నీ సంపాదన వ్యర్థము కాలేదు’ అను వార్త యిమిడియుండెను. ఇంటిపెద్ద లేకయే తీసిన చిత్రములో అతని ముఖమును వేఱొక చిత్రమునుండి కత్తిరించి చేర్పించుటయు కలదు. ఒకే చిత్రములో ఒకరి ముఖముపై నీడ వేఱు దిక్కున పడినను, మెడయొద్ద సన్నని గీత కనబడినను, ఇట్టి కూర్పు జరిగినదేమోయని విచారింపవలెను.

అదే స్టూడియోలో అదే మనిషి మఱియొక చిత్రము కూడ తీయించుకొనవలసివచ్చెను. అది పాస్‌పోర్టు చిత్రము. దానికి తోట పనికిరాదు, కొలను పనికిరాదు. వెనుక ఒట్టి తెల్లగుడ్డ యుండవలెను. ముఖము నేరుగా నుండవలెను. ప్రక్కన ఎవరును ఉండరాదు. 1983 వలసచట్టముక్రింద విదేశముల పనికి పోవువారి యనుమతిపత్రములకును, 1993లో ఎన్నికలసంఘము ఆదేశించిన ఓటరు గుర్తింపుకార్డులకును ఇట్టి ముఖచిత్రములే కావలసినవి. ఈ రీతిగా చిన్న పట్టణపు స్టూడియోలో రెండు తెరలు ప్రక్కప్రక్కనే వ్రేలాడినవి. ఒకటి కుటుంబము కోరినది. రెండవది ప్రభుత్వము కోరినది. మొదటిదానియెదుట మనిషి తండ్రి, కొడుకు, అన్న. రెండవదానియెదుట ఒక సంఖ్యకు చెందిన ముఖము.

తెల్లతెర చిత్రము సత్యమనియు, తోటతెర చిత్రము అసత్యమనియు అనుకొనుట సులభము. కాని గల్ఫునకు పోయినవాని జీవితమును వ్రాయదలచిన చరిత్రకారునికి పాస్‌పోర్టు చిత్రము చెప్పునది స్వల్పము. అతడు ఎవరికొఱకు పోయెను, ఏ స్థితిని ఆశించి పోయెను అను విషయములకు సాక్ష్యము కుటుంబచిత్రముననే కలదు. పాలరాతిమెట్లు అతని యింట లేవు. ఇల్లు కట్టవలెనను కోరిక యుండెను. ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చదివిననే ఆ జీవితము పూర్తిగా తెలియును.

ఈ రెంటికి మధ్యస్థముగా తీర్థచిత్రము కలదు. వేములవాడ రాజరాజేశ్వరుని, కొండగట్టు ఆంజనేయుని, ధర్మపురి నరసింహుని దర్శింపబోయిన కుటుంబములు బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించిన పిదప అచటనే చిత్రము తీయించుకొందురు. దీనియందు ఎరువుకోటు ఉండదు. తడిబట్ట, పసుపుబట్ట, గుండు ఉండును. అనగా ఏ సందర్భమున ఏ వేషము తగునో కుటుంబమునకు స్పష్టముగా తెలియును. స్టూడియోవేషము అజ్ఞానమువలన కలిగినది కాదని చెప్పుటకు ఇది బలమైన నిదర్శనము.

కాలనిర్ణయము

కుటుంబచిత్రములపై తారీఖు ఉండుట తక్కువ. కాలమును నిర్ణయించుటకు పరిశోధకులు ఈ క్రింది విషయములను పాటింపవచ్చును.

మొదటిది: తెరనుబట్టి కాలమును నిర్ణయింపరాదు. ఒక తెర ఒక స్టూడియోలో దశాబ్దములు నిలుచును. తెర స్టూడియోను గుర్తించుటకు మాత్రమే పనికివచ్చును. ఒకే కోటు, ఒకే పూలకుండి, ఒకే కుర్చీ వేర్వేఱు కుటుంబముల చిత్రములలో కనబడినచో అవి స్టూడియోవని తేలును. అట్లు తేలిన వస్తువులను కుటుంబపు ఆస్తినుండి తీసివేయవలెను.

రెండవది: చిత్రములోని వస్తువులలో మిక్కిలి నవీనమైనదానినిబట్టి పూర్వావధిని నిర్ణయింపవలెను. వృద్ధురాలి గోచికట్టునుబట్టి నిర్ణయించినచో ముప్పదియేండ్ల పొరపాటు కలుగును; ఆమె యౌవనమునాటి కట్టునే కడవఱకు కట్టును. యువకుని షేర్వానీ, రూమీటోపీ సామాన్యముగా 1948కి పూర్వమును సూచించును. టెరిలీను చొక్కా 1960 తరువాతికాలమును, క్రింద వెడల్పైన ప్యాంటు 1970 దశకమును సూచించును. ఎంత చిన్నవానిపై వేషము చూతుమో అంత సమీపముగా కాలము తెలియును.

మూడవది: ముద్రించిన ప్రతితో తృప్తిపడక, దొరికినచో మూలపలకను లేక ఫిల్మును చూడవలెను. ప్రతిలో అంచులు కత్తిరించియుందురు. మూలములో తెర అంచు, దాని వెనుక సున్నపుగోడ, బిడ్డను నవ్వించుటకు చాచిన చేయి, చట్రమునకు వెలుపల నిలిచిన బంధువు కనబడవచ్చును. ఫిల్మే దొరికినచో దాని అంచుపైని అక్షరములును ఉపకరించును. ఊటీలో 1960లో స్థాపింపబడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి నారంభించి ‘ఇందు’ పేరుతో ఫిల్మును అమ్మినది. ఆ గుర్తు కనబడినచో చిత్రము అంతకుముందుది కాజాలదు.

నాలుగవది: గోడపై పూలదండ వేసిన ఒంటరి చిత్రమును చూచినపుడు దాని మూలమును వెదకవలెను. మరణించినవారి ముఖమును కుటుంబచిత్రమునుండి వేఱుచేసి, వెనుకతెరను తుడిచివేసి, పెద్దదిగా చేయించుట ఆచారము. భుజముపై ఇంకొకరి చేతివ్రేళ్ల గుర్తు మిగిలియున్నచో మూలచిత్రము ఎక్కడనో యుండెనని తెలియును. ప్రక్కనున్నవారెవరో ఆ మూలమే చెప్పగలదు.

కర్తవ్యము

రంగుచిత్రములు వ్యాపించిన పిదప బూడిదవన్నె తెరలకు కాలము చెల్లినది. వాని స్థానమున తాజుమహలు, మంచుకొండలు, విదేశపు కుటీరములు ముద్రించిన పెద్ద కాగితములు వచ్చినవి. తరువాత ఫ్లెక్సీగుడ్డలు వచ్చినవి. ఇరువదియొకటవ శతాబ్దమున తెరను చిత్రము తీసిన పిమ్మట కంప్యూటరుపై చేర్చు పద్ధతి వచ్చినది. నేడు చేతిఫోనుతో ప్రతిదినమును చిత్రములు తీసికొనుచున్నారు. సిద్ధపాటు పోలేదు గాని, ఒకే చిత్రమునకై ఇంటిల్లిపాదియు ఒకేచోట చేరుట తగ్గినది.

పాత స్టూడియోలు మూతపడినపుడు గాజుపలకలను కడిగి పటములకు అద్దములుగా వాడుటయు, ఫిల్మును వెండికై అమ్ముటయు తెలిసినదే. తమిళనాట పాత స్టూడియోల పలకలను, కుటుంబచిత్రములను అంకీకరణము చేయు యత్నము బ్రిటిష్ లైబ్రరీవారి సహాయముతో జరిగినది. తెలుగునాట రాజాస్థానపు చిత్రములకు లభించిన రక్షణ చిన్న పట్టణపు చిత్రములకును లభింపవలెను.

ఐతే పలకలను కాపాడుటకంటె తొందరపడవలసిన పని మఱొకటి కలదు. చిత్రములోని గొలుసు ఎవరిదో, కోటు ఎక్కడిదో, ఆ దినమున కుటుంబము ఎందులకు స్టూడియోకు పోయెనో, రానివారెవరో చెప్పగలవారు ఇప్పుడు వృద్ధులు. పలక ఉన్నను వారు లేనిచో ఆ చిత్రము ఊరు పేరు తెలియని ముఖముల వరుసగా మిగులును. కావున పరిశోధకవిద్యార్థులు ఇంటివారి యనుమతితో చిత్రమును, దాని వెనుకనున్న స్టూడియోముద్రను ప్రతి తీసి, పై ప్రశ్నలకు వారిచ్చు సమాధానములను వారి మాటలలోనే వ్రాసికొనవలెను. వారు వలదన్న పేరును ప్రకటింపరాదు. నల్లబడిన చీర నిజమైన వన్నెను అడుగుట మఱువరాదు. ఆ చీర ఇంకను పెట్టెలో ఉండవచ్చును. చిత్రమే తీయించుకొనలేని యిండ్లు అనేకములుండెననియు, వాని చరిత్రకు ఈ యాధారము చాలదనియు ఎల్లపుడును జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఒక శాసనము దొరికినపుడు రాజు ‘చతుస్సముద్రముల నేలెను’ అని యున్నచో మనము దానిని అక్షరశః నమ్మము. అట్లని శాసనమును పారవేయము. ఆ ప్రశస్తి యెందులకు వ్రాయబడెనో విచారించి చరిత్రను గ్రహింతుము. నేతవాని కుటుంబము కొలనుగట్టున, పాలరాతిమెట్ల ప్రక్కన, ఎరువుకోటుతో కూర్చున్న చిత్రము ఆ కుటుంబము తన్ను గూర్చి వ్రాయించుకొన్న ప్రశస్తి. రాజప్రశస్తులను చదువుటలో మన విశ్వవిద్యాలయములు చూపిన శ్రద్ధను దీనిని చదువుటలోను చూపవలెనని మా ప్రార్థన.